ప్లగ్గు ఎన్ని ఆంపియర్లని అడుగుతున్నాం, ఎలా బిగుసుకుంటుందని అడగడం లేదు

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం మొదలైతే చాలు, చెరువు గట్టు మీద కరెంటు షాకు అన్న వార్త జిల్లా పేజీల్లో ఏటా కనబడుతూనే ఉంటుంది. కారణం ఒక్క ముక్కలో తేల్చేస్తారు: వైరు తెగింది, జాయింటు టేపు ఊడింది, తడి చేత్తో ముట్టుకున్నాడు. అసలక్కడ టేపు చుట్టిన జాయింటు ఎందుకుందన్నది మాత్రం వార్తలోకి రాదు. చాలాచోట్ల ఆ జాయింటు ఉన్నచోట ఉండాల్సింది ఒక ప్లగ్గూ సాకెట్టూ. కొన్నిచోట్ల అవి ఉండేవి కూడా. ఆ చోటుకి తగిన బిగింపు వాటికి లేక, మాటిమాటికీ ఊడి, నీళ్లు దిగి, విసుగెత్తి కోసి పారేసి టేపు చుట్టేశారు. డెల్టాలో చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు, రైసు మిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల దగ్గర ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు చేసేవాళ్లుగా ఆ బిగింపు ఎంచుకోవడం గురించే ఈ ఉత్తరం.

భీమవరంలోనో అమలాపురంలోనో షాపుకెళ్లి ఇండస్ట్రియల్ ప్లగ్గు అడిగితే కౌంటరు దగ్గర వచ్చే ప్రశ్నలు రెండే. ఎన్ని ఆంపియర్లు? సింగిల్ ఫేజా, త్రీ ఫేజా? ప్లగ్గు ఎలా బిగుసుకోవాలన్న మూడో ప్రశ్న వాళ్లు అడగరు, మనం చెప్పం. పిన్నులు సరిపోతే పని అయిపోయిందనుకుంటాం.

బిగింపు రకాలు ఇంట్లో వస్తువులతోనే తెలుస్తాయి. మర తిప్పి ఎక్కించే బల్బు ఒకటి. హోల్డరులోకి నొక్కి కొంచెం తిప్పితే టక్కున కూర్చునే పుల్లల బల్బు ఇంకొకటి. మొదటిది థ్రెడ్ కప్లింగ్, రెండోది బయోనెట్. ప్యానెళ్ల మీద కనబడే దీర్ఘచతురస్రపు పెద్ద కనెక్టర్లకి టిఫిన్ క్యారియర్ క్లిప్పులాంటి లివర్ ఉంటుంది. నొక్కితే తనంతట తనే పట్టుకుని, బయటి గొట్టాన్ని వెనక్కి లాగితే వదిలేది పుష్‌పుల్. ప్లాస్టిక్ నాలుక కొక్కెంలో పడేది స్నాప్. ఇవేవీ లేకుండా పిన్నుల బిగువు మీదే నిలబడేది మన వంటింటి 16 ఆంపియర్ల ప్లగ్గు. వీటిలో ఏది మంచిదని అడిగితే జవాబు లేదు. ఎవరు విప్పుతారు, ఏడాదికి ఎన్నిసార్లు, ఏ చేతులతో, పక్కన అదురు ఎంత, నీళ్లు ఎటునుంచి పడతాయి అని అడిగితే మాత్రం జవాబు చాలావరకు దానంతటదే వస్తుంది.

ముందు చెరువు గట్టు. త్రీ ఫేజ్ 2 హెచ్‌పీ ఏరేటర్ తీసుకునేది సుమారు 3.5 ఆంపియర్లు. కరెంటు లెక్కన 16 ఆంపియర్ల ప్లగ్గు దానికి ధారాళం. తంటా అంతా కరెంటుతో కాదు, ఉప్పుతో, ఒండ్రుతో, అర్ధరాత్రితో. కరెంటు పోయి జనరేటర్ వేయాల్సి వచ్చినప్పుడు రొయ్యకి ఆక్సిజన్ పడిపోయే లోపు పని జరగాలి. అప్పుడు ప్లగ్గు పట్టుకునేది ఎలక్ట్రీషియన్ కాదు, కాపలా మనిషి. టార్చి నోట్లో కరుచుకుని, బురద చేతులతో, వానలో. అలాంటి చోట సన్న మరలున్న కనెక్టర్ పెడితే మొదటి చుట్టే అడ్డంగా ఎక్కుతుంది. మరల సందుల్లో ఒండ్రు చేరితే సగంలో పట్టేస్తుంది. సగం ఎక్కిన మరని చూసి బిగిసిందనుకుని వదిలేస్తారు. అందుకే గట్టు మీద రోజూ ముట్టుకునే ప్లగ్గుకి బయోనెట్ రింగే సరైనది.

మన దగ్గర దొరికే ఎర్ర ప్లగ్గులు ఐఈసీ 60309 ప్రమాణానివి. పసుపు 110 వోల్టులకి, నీలం 230కి, ఎరుపు 415కి. సైజులు 16, 32, 63, 125 ఆంపియర్లు. నీళ్లని, దుమ్ముని ఎంతవరకు ఆపుతాయో చెప్పే ఐపీ అంకెని బట్టి ఇందులోనే రెండు జాతులున్నాయి. ఒకటి ఐపీ44. సాకెట్టు మూతకి స్ప్రింగు ఉంటుంది, మూత అంచున కొక్కెం ఉంటుంది. ప్లగ్గు పెట్టాక ఆ కొక్కెం ప్లగ్గు మీది బొడిపెని పట్టుకుని ఊడకుండా ఆపుతుంది. చినుకులకి, చిమ్మే నీళ్లకి చాలు, అంతకుమించి కాదు. రెండోది ఐపీ67. ప్లగ్గు మెడ చుట్టూ రింగు తిరుగుతుంది. ప్లగ్గు పూర్తిగా దిగాక ఆ రింగుని తిప్పితే లోపలి వాలు గాడి సాకెట్టు మీది బొడిపెల మీదకెక్కి ప్లగ్గుని లోపలికి లాగుతుంది. ఆ లాగుడుకి రబ్బరు గ్యాస్కెట్ నలుగుతుంది. నీళ్లని ఆపేది పిన్నులూ కాదు, ప్లాస్టిక్కూ కాదు, ఆ నలుగుడు. రింగు చివరిదాకా రాకపోతే మీరు డబ్బు పోసి కొన్న ఐపీ67 అక్కడ లేనట్టే.

ఇక్కడే అందరూ పడే గొయ్యి ఒకటుంది. ఐపీ44 ప్లగ్గు ఐపీ67 సాకెట్టులో చక్కగా దూరుతుంది. పిన్నులు ఒకటే, కరెంటు పారుతుంది, మోటారు తిరుగుతుంది. కాని రింగు లేని ప్లగ్గుకి గ్యాస్కెట్ నలగదు, జత మొత్తం ఐపీ44 కిందే లెక్క. పాత ప్లగ్గు పాడైతే షాపులో తక్కువకొచ్చేది తెచ్చి పెట్టడం వల్ల ఇలాంటి జతలు గట్ల మీద ఎన్నో. మూత కొక్కెం కూడా సరిగ్గా పట్టదు కాబట్టి ఆ ప్లగ్గుని సుతిలితాడుతో కట్టి ఉంచుతారు. సుతిలి కనబడిందంటే లోపల తప్పు జతే ఉందని చూడకుండానే చెప్పొచ్చు.

రింగు చివరిదాకా రాకపోవడానికి కారణాలు కొన్నే. గాడిలో ఎండిన ఒండ్రు ఉంటుంది. లేదా గ్యాస్కెట్ మడత పడి ఉంటుంది. లేదా ఎండకి రబ్బరు గట్టిపడి నలగదు. బలం పెట్టి తిప్పితే ప్లాస్టిక్ చెవి విరుగుతుంది. కరెంటు తీసి, పాత టూత్‌బ్రష్‌తో మంచినీళ్లు పెట్టి గాడి తోమి, ఆరబెట్టి, గ్యాస్కెట్‌కి పలచగా సిలికాన్ గ్రీజు రాస్తే రింగు మళ్లీ వేలితో తిరుగుతుంది. వ్యాజలైన్, ఇంజనాయిలు, కొబ్బరినూనె వద్దు. కొన్ని రబ్బర్లు వాటికి ఉబ్బిపోతాయి. ఉబ్బిన గ్యాస్కెట్ గాడిలోంచి బయటికొస్తుంది.

గ్యాస్కెట్ నిజంగా నలుగుతోందా లేదా తెలుసుకోవడానికి మీటర్లేమీ అక్కర్లేదు. కరెంటు తీసి తాళం వేసి, ప్లగ్గు అంచు చుట్టూ సుద్దముక్క రాయండి. ప్లగ్గు పెట్టి రింగు పూర్తిగా తిప్పి, మళ్లీ విప్పి గ్యాస్కెట్ చూడండి. తెల్ల గీత ఎక్కడా తెగకుండా చుట్టూ పడితే మూత పడుతున్నట్టు. ఒకచోట గీత తెగితే నీళ్లు దిగేది అక్కడినుంచే. రెండు నిమిషాల పని. ఆ సుద్ద తుడిచేసి పెట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

నీళ్లు మీద పడితేనే లోపలికి వెళ్తాయనుకోవడం ఇంకో పొరపాటు. వేసవిలో ఎండకి, కరెంటు వేడికి కనెక్టర్ లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. సాయంత్రం ఒక్కసారిగా వాన పడితే కనెక్టర్ చల్లబడి గాలిని లోపలికి పీలుస్తుంది. గ్యాస్కెట్ దగ్గర వెంట్రుకంత సందున్నా గాలితోపాటు అంచున నిలిచిన నీటిని కూడా పీల్చేస్తుంది. ఆ నీరు మామూలు వాననీరైతే ఆరిపోతుంది. నరసాపురం, అంతర్వేది వైపు చెరువుల నీరైతే ఆరినా ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పుపొర తెల్లవారుజామున మంచుకి మళ్లీ చెమ్మ పట్టి రెండు పిన్నుల మధ్య కరెంటుకి దారి ఇస్తుంది. కొన్నాళ్లకి అక్కడ గోధుమరంగు గీత, తర్వాత నల్లటి గీత పడుతుంది. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఈఎల్‌సీబీ తెల్లారగట్ల మాత్రమే పడిపోయి, ఎండెక్కాక మామూలుగా ఉంటే ముందు వెతకాల్సింది ఈ గీతనే. చాలామంది దాన్ని వెతక్కుండా ఈఎల్‌సీబీనే బైపాస్ చేస్తున్నారు. నల్లగీత పడిన ప్లగ్గుని గీకి బాగుచేయడం కుదరదు. అది బొగ్గు. పారేయడమే.

సాకెట్టు ఎక్కడ పెట్టాలన్నది కూడా బిగింపులో భాగమే. మూతి పైకి చూస్తూ పెట్టిన సాకెట్టు గిన్నె అయిపోతుంది. గట్టు మీద స్తంభానికి, వరద వచ్చినా మునగని ఎత్తులో, మూతి కిందికి వాలి ఉండేలా బిగించాలి. కేబుల్ కిందికి వేలాడి మళ్లీ పైకి లేచి ప్లగ్గులోకి వెళ్లాలి. నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ప్లగ్గు తీసినప్పుడు సాకెట్టు మూతని కూడా రింగు తిప్పి బిగించాలి. ఉత్తినే వేసి వదిలేస్తే చీమలు పుట్ట పెడతాయి. నవ్వొచ్చినా, డెల్టాలో సాకెట్లు చెడగొట్టడంలో నీళ్ల తర్వాత స్థానం వాటిదే. తీసిన ప్లగ్గుకి కూడా మూత ఉంటుంది. అది విడిగా కొనాలి, అందుకే ఎవరూ కొనరు. మూతలేని ప్లగ్గు గట్టు మీద పడి ఉండి బురదతో నిండి, ఆ బురదతోనే మళ్లీ సాకెట్టులోకి వెళ్తుంది.

ఏరేటర్ తెప్ప మీద, మోటారు దగ్గర కనెక్టర్ పెట్టాల్సి వస్తే లెక్క తిరగబడుతుంది. అక్కడ రోజూ విప్పే పని లేదు, మోటారు మార్చినప్పుడే. తెడ్లు కొట్టే అదురు మాత్రం రాత్రింబవళ్లు ఉంటుంది. అదురుకి బయోనెట్ గాడి, బొడిపె ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. అక్కడ నీళ్లలో మునిగి ఉన్నా తట్టుకునే ఐపీ68 ప్లాస్టిక్ బాడీ, మర బిగింపు ఉన్నదే మేలు. అసలు మా మాట వింటే గట్టు నుంచి మోటారుదాకా కేబుల్ ఒకే ముక్క వేసి, కనెక్టర్ గట్టు మీదే ఉంచండి. లేని జాయింటు చెడిపోదు.

కేబుల్‌లో నాలుగో కోరు, అంటే ఎర్తు వైరు సంగతి. త్రీ ఫేజ్ మోటారుకి మూడు వైర్లు చాలని ఎర్తు వదిలేయడం గట్ల మీద మామూలైపోయింది. ఈ ప్లగ్గుల్లో ఎర్తు పిన్ను మిగతావాటికంటే లావుగా, పొడవుగా ఉండేది ఊరికే కాదు. పెట్టేటప్పుడు ముందు అదే తగలాలి, తీసేటప్పుడు చివర అదే వదలాలి. ఆ పిన్నుకి వైరు కలపకుండా ప్లగ్గు ఎంత మంచిది కొన్నా, 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ మనిషి ముట్టుకునేదాకా ఆగి అప్పుడు పడుతుంది. ఎర్తు ఉంటే లీకేజీ మొదలైన క్షణానే పడుతుంది.

జనరేటర్ దగ్గర ప్రాణం మీదకొచ్చే తప్పు ఒకటే: రెండు వైపులా పిన్నులున్న వైరు. కరెంటు వచ్చే వైపు ఎప్పుడూ రంధ్రాల భాగమే ఉండాలి, కరెంటు తీసుకునే వైపు పిన్నులు. తిరగేసి కడితే ఊడదీసిన ప్లగ్గు పిన్నులు చేతిలో కరెంటుతో ఉంటాయి. ఏ రింగూ ఏ లివరూ దాన్నుంచి కాపాడదు. 63, 125 ఆంపియర్ల ప్లగ్గుల్లో మధ్యన పొట్టి పిన్ను ఇంకొకటి ఉంటుంది, పైలట్ అంటారు. అన్నిటికంటే చివర తగిలి, ముందు వదులుతుంది. మోటారుకి కరెంటు కలిపి తెంచే స్విచ్ కాంటాక్టర్. దాని కాయిల్ వైరుని ఆ పిన్నుగుండా తిప్పితే, ఎవరైనా లోడు మీద ప్లగ్గు లాగినా పెద్ద పిన్నులు విడిపోయే లోపే కాంటాక్టర్ పడిపోతుంది. పిన్ను అక్కడ ఉన్నా దాన్ని ఖాళీగా వదిలేసిన ప్యానెళ్లే ఎక్కువ. ఇంకా నిశ్చింత కావాలంటే ఇంటర్‌లాక్ సాకెట్టు తీసుకోవాలి. స్విచ్ ఆఫ్ చేయందే ప్లగ్గు రాదు, ప్లగ్గు లేందే స్విచ్ పడదు. గట్టు మీద కాపలా మనిషి చేతికి ఇవ్వదగ్గది అదే.

రొయ్యలు ఎగుమతి చేసేవాళ్లకి ఒక చిన్న హెచ్చరిక. ఎర్ర ప్లగ్గు అన్నీ ఒకటి కావు. సాకెట్టు నోటి అంచున ఉన్న గాడిని కిందికి ఉంచి చూస్తే ఎర్తు రంధ్రం గడియారంలో 6 అంకె దగ్గర ఉండేది మన మామూలు 415 వోల్టులది. చల్లటి కంటెయినర్లకి వచ్చేది 32 ఆంపియర్లది, ఎర్తు 3 దగ్గర ఉంటుంది. ఒకదానిలో ఒకటి దూరదు, దూరకూడదనే అలా చేశారు. రంపపు ఆకుతో గాడి కోసే బదులు 3 గంటల సాకెట్టు తెప్పించుకోండి.

ఇక రైసు మిల్లు. మండపేట, తణుకు, తాడేపల్లిగూడెం వైపు మిల్లుల్లో నీళ్ల బెడద తక్కువ, అదురు, తవుడు ఎక్కువ. మొదటి సలహా కొంచెం విచిత్రంగా ఉంటుంది: కదలని మోటారుకి కనెక్టరే వద్దు, కేబుల్ నేరుగా టెర్మినల్ బాక్సులో కట్టండి. కనెక్టర్ అవసరమయ్యేది రంగు మారిన గింజలు ఏరే కలర్ సార్టర్, తూకం వేసి సంచి కుట్టే మెషీను, చక్రాల కన్వేయరు లాంటి విప్పి జరిపేవాటికే.

మిల్లులో అదురు చేసే పని కంటికి కనబడదు. పిన్నూ సాకెట్టూ ఒకదానిమీద ఒకటి వెంట్రుక మందం కంటే తక్కువగా కదులుతూ ఉంటాయి. ఆ రాపిడికి పూత లేచి, సన్నటి నల్ల పొడి ఏర్పడి, కాంటాక్టు నిరోధం పెరుగుతుంది. 20 హెచ్‌పీ మోటారు సుమారు 28 ఆంపియర్లు తీసుకుంటుంది. 30 అనుకుందాం. ఒక పిన్ను దగ్గర నిరోధం 10 మిల్లీ ఓములకి చేరితే అక్కడ పుట్టే వేడి 9 వాట్లు. వినడానికి తక్కువే. చిటికెన వేలంత చోటులో, గాలాడని ప్లాస్టిక్ లోపల, ఇరవై నాలుగు గంటలూ అంటే పిన్ను స్ప్రింగు మెత్తబడుతుంది. స్ప్రింగు మెత్తబడితే నిరోధం ఇంకా పెరుగుతుంది. మూడు ఫేజుల్లో ఒక పిన్ను చుట్టూ మాత్రమే ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఉంటే అది లోడు ఎక్కువవడం కాదు, ఆ ఒక్క పిన్ను లూజు. లోడు మీద గంట నడిచాక టెర్మినల్ బిగింపుల మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి మూడు ఫేజులూ పోల్చి చూస్తే అది కాలకముందే దొరుకుతుంది.

మర బిగింపు అదురుకి వదులవుతుందా లేదా అన్నది మరలో ఏముందన్న దాన్ని బట్టి. ఉత్త మర వదులవుతుంది. లోపల పళ్ల చక్రం ఉండి తిప్పేటప్పుడు టకటకమనేవి నిలుస్తాయి. విమానాలకీ సైన్యానికీ వాడే మిల్-డీటీఎల్-38999 మూడో సిరీస్ అలాంటిదే. మూడు దారుల మర కాబట్టి ఒక్క చుట్టుతో పూర్తిగా బిగుస్తుంది, వెనక్కి తిరగదు. మిల్లుకి అంత ఖరీదైనది అక్కర్లేదు. మామూలు మరే అయినా, బిగించాక నట్టు మీంచి బాడీ మీదకి అడ్డంగా ఒక పెయింటు గీత గీసేయండి. గీత రెండు ముక్కలైతే నట్టు తిరిగిందని నిచ్చెన ఎక్కకుండానే కనబడుతుంది.

లివర్ కనెక్టర్లలో సుఖం అదే: బిగిసిందా లేదా దూరం నుంచి తెలుస్తుంది. చిన్న సైజుకి ఒక లివర్ చాలు. పొడవాటివాటికి రెండు చివర్లా లివర్లున్నది తీసుకుంటే గ్యాస్కెట్ రెండు వైపులా సమానంగా నలుగుతుంది. కొనేముందు లివర్ ఎటు తెరుచుకుంటుందో, అటు చెయ్యి పట్టే చోటుందో చూడాలి. ప్యానెల్ మూలన బిగించి, లివర్ గోడకి తగిలి సగమే మూసుకునేవి చాలా మిల్లుల్లో కనబడతాయి. ఇవి సాధారణంగా 500 సార్లు పెట్టి తీయడానికి తగ్గట్టు తయారవుతాయి. లివర్ పట్టే పుల్లలు అరిగాయంటే టక్కుమనే చప్పుడు పోతుంది. చప్పుడు పోయిన లివర్‌ని సాగదీసి వంచకుండా మార్చేయాలి. ఒకటి గుర్తుంచుకోండి, లివర్ స్విచ్ కాదు. ఈ రకం కనెక్టర్లు లోడు మీద విప్పడానికి తయారుచేసినవి కావు. ముందు కరెంటు ఆపాలి. ఒకే ప్యానెల్ మీద ఒకే సైజువి నాలుగుంటే, ఒకదానిది ఇంకోదాంట్లో దూరకుండా అడ్డుపడే కోడింగ్ పిన్నులు పెట్టుకోవాలి, లేకపోతే పండగ ముందు క్లీనింగు అయ్యాక సార్టర్ కేబుల్ కన్వేయరుకి ఎక్కుతుంది.

ఐసు ఫ్యాక్టరీల దగ్గర చిక్కు లోహంతో. అమోనియా తగిలితే ఇత్తడి చిట్లుతుంది. నికెల్ పూత ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. పానా పట్టి పూత గీసుకుపోయిన చోటునుంచి మొదలై, బిగువు మీదున్న నట్టు ఓ రోజు నిలువునా పగిలి ఉంటుంది. బిగించినవాడి మీద నింద పడుతుంది గాని అది బలం వల్ల పగిలింది కాదు. కంప్రెసర్ గదిలో కప్లింగ్ నట్టు స్టెయిన్‌లెస్‌దో మంచి ప్లాస్టిక్‌దో ఉండాలి. ఉప్పుగాలిలో అల్యూమినియం బాడీ, ఇత్తడి నట్టు కలిపి వాడినా ఇలాగే, మరలు తెల్లపొడి పట్టి బిగుసుకుపోయి రంపంతో కోయాల్సి వస్తుంది.

ప్రాసెసింగ్ ప్లాంట్లలో షిఫ్టు అయ్యాక వేడినీళ్లతో, ప్రెషర్ గన్నుతో కడుగుతారు. ఐపీ67 ఉంది కదా అనుకోకూడదు. 67లో ఆ 7 అర్థం మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచితే లోపలికి రాదని. గన్నుతో కొడితే రాదని కాదు. దూకుడు నీళ్లకి 66, వేడి ప్రెషర్‌కి 69 విడిగా రాసి ఉండాలి. 69 పరీక్షలో 80 డిగ్రీల నీళ్లు 80 నుంచి 100 బార్ ఒత్తిడితో 10–15 సెంటీమీటర్ల దూరం నుంచి కొడతారు. గరుకు పట్టున్న నట్టు సందుల్లో రొయ్య పొట్టు చిక్కుకుంటుంది కాబట్టి అక్కడ నునుపు నట్టు ఉన్నది, క్లోరిన్ నీటికి తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్‌ది వాడాలి.

సెన్సర్లకి, ముఖ్యంగా ఇప్పుడు చెరువుల్లో పెడుతున్న ఆక్సిజన్ ప్రోబులకి ఎక్కువగా వచ్చేది 12 మిల్లీమీటర్ల మర ఉన్న ఎం12 కనెక్టర్. దాని మర ఒక చుట్టుకి ఒక మిల్లీమీటరే కదులుతుంది. ఒక చుట్టు తక్కువైతే లోపలి రబ్బరు వలయం, అంటే ఓరింగు దగ్గర మిల్లీమీటరు సందు, అంటే నీటికి తలుపు తీసినట్టే. ఎక్కువ బిగిస్తే ఓరింగు కోసుకుపోతుంది. మామూలుగా చెప్పే బిగువు 0.6 న్యూటన్ మీటర్. అంటే పది సెంటీమీటర్ల పిడికి ఆరువందల గ్రాముల బరువు తగిలించినంత. ప్లయర్ పెట్టి తిప్పేవాళ్ల చేతి బరువు దానికి ఎన్నో రెట్లు. వేళ్లతో ఆగేదాకా తిప్పి, ఆ సైజుకే వచ్చే చిన్న టార్కు పానాతో టక్కుమనిపిస్తే సరి. వారం వారం కడగడానికి ప్రోబు తీసేవాళ్లు పుష్‌పుల్ ఎం12 తీసుకోవడం తెలివైన పని. మర రకం సాధారణంగా 100 సార్లకే రాసి ఉంటుంది, అది రెండేళ్లకే అయిపోతుంది.

సోలార్ ప్యానెళ్ల స్నాప్ కనెక్టర్ల గురించి ఒక్క మాట: వేర్వేరు కంపెనీల జత కలపొద్దు, లోడు మీద ఊడదీయొద్దు. డీసీ నిప్పు తనంతట ఆరదు. గ్యాసు బావులు, గ్యాసు స్టేషన్ల పరిసరాల్లో వాడేవి వేరే ధృవీకరణ ఉన్న కనెక్టర్లు, వాటిలో సొంత వైద్యం అసలు పనికిరాదు.

బిగింపు మీద పడే నిందల్లో సగం నిజానికి కేబుల్‌వి. బావులకి వాడే బల్లపరుపు కేబుల్‌ని ప్లగ్గు వెనక కేబుల్‌ని పట్టే గుండ్రటి గ్లాండులో దూర్చి ఎంత తిప్పినా రెండు అంచుల దగ్గరా సందు మిగులుతుంది. అక్కడ వెనకనుంచి దిగిన నీళ్లని ముందున్న రింగు ఏం ఆపుతుంది? గుండ్రటి కేబులే వాడాలి. ఎం20 నైలాన్ గ్లాండు రకాన్ని బట్టి 6–12 లేదా 10–14 మిల్లీమీటర్ల కేబుల్ పట్టుకుంటుంది. కేబుల్ మందం వెర్నియర్‌తో కొలిచి కొనాలి. ప్లగ్గు నుంచి జానెడు దూరంలో కేబుల్‌ని స్తంభానికి క్లాంపు చేస్తే బరువు బిగింపు మీద పడదు. సన్నతీగల వైరు చివరలకి సీసం పోసి స్క్రూ కింద పెట్టే అలవాటు మానాలి. సీసం ఒత్తిడికి మెల్లగా జారి స్క్రూ లూజవుతుంది. గొట్టం లగ్గు నొక్కి పెట్టండి. ఉప్పునీటి దగ్గర కళాయి పూసిన రాగి తీగ ఉన్న కేబుల్ అయితే లోపల నల్లబడటం చాలా తగ్గుతుంది.

షాపులవారికి ఒక మనవి. ప్లగ్గులు అమ్ముతున్నారు గాని విడి గ్యాస్కెట్లు, ప్లగ్గు మూతలు అడిగితే మొత్తం ప్లగ్గు కొనమంటున్నారు. వంద ప్లగ్గులకి ఇరవై గ్యాస్కెట్లు తెప్పించి ఉంచినా ఎన్నో ప్లగ్గులు టేపు పాలవకుండా ఉంటాయి. మీ వ్యవసాయ పేజీలో ఐపీ44, ఐపీ67 ప్లగ్గుల బొమ్మలు పక్కపక్కన వేస్తే రైతుకి రింగు తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. నాలుగు ఏరేటర్ల గ్రూపుకి గట్టు మీద సాకెట్టు కొనేవాళ్లు షాపు చీటీ మీద ఇలా రాసి ఇస్తే కౌంటరు దగ్గర ఇంకేమీ అడగాల్సిన పని ఉండదు: ఎరుపు, 415 వోల్టులు, 32 ఆంపియర్లు, 4 పిన్నులు, ఎర్తు 6 గంటలు, ఐపీ67 రింగు లాకు, స్తంభానికి బిగించే ఇంటర్‌లాక్ సాకెట్టు 1, అదే కంపెనీ ప్లగ్గు 1, ప్లగ్గు మూత 1, విడి గ్యాస్కెట్లు 2, కేబుల్ నాలుగు కోర్లు, గుండ్రంది, బయటి మందం 14 మిల్లీమీటర్లు.

ఇట్లు,
గోదావరి డెల్టాలోని కొందరు ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు పనివారు